పాత కుక్క ఉన్న ఇంటికి కొత్త కుక్కను తెచ్చేటప్పుడు

పంట కాపలాకో, గొర్రెల మందకో రెండో కుక్కను తెచ్చే రైతులు చాలామంది దాన్ని నేరుగా దొడ్లో వదిలేస్తారు. దొడ్డి తనదేనని పాత కుక్క మీద పడుతుంది.

ముందు పశువైద్యునికి చూపించి నట్టల మందు తాగించాలి. మూడు నెలలు నిండితే రేబిస్ టీకా వేయించాలి. పాతదానికి ఈ ఏడాది టీకా పడిందో లేదో చూసుకోవాలి. పార్వో వంటి జబ్బులు అంటకుండా కొత్తదాన్ని రెండు వారాలు విడిగా ఉంచాలి. జబ్బేమీ లేదని తేలాక అవి పడుకునే గోనెసంచులు మార్చి వేస్తే ఒకదాని వాసన మరొకదానికి అలవాటవుతుంది.

తొలిసారి కలపడం ఇంటి దగ్గర వద్దు, కోత అయిన చేలో మంచిది. ఇద్దరు మనుషులు చెరొక కుక్కను పట్టుకుని, ఇరవై అడుగుల ఎడంలో ఒకే దిక్కుకు నడిపించాలి. తాడు బిగపడితే కుక్క మరింత రెచ్చిపోతుంది. గుర్రుమంటే కొట్టవద్దు, అది హెచ్చరిక మాత్రమే. దెబ్బలు తిన్న కుక్క ఈసారి గుర్రుమనకుండానే కరుస్తుంది. ఒళ్లు బిగించి రెప్ప వేయకుండా చూస్తుంటే దూరం పెంచాలి.

కొట్లాటలు ఎక్కువగా తిండి దగ్గరే వస్తాయి. మిగిలిన అన్నం ఒకేచోట కుమ్మరించే అలవాటు మానాలి. చెరొక గిన్నె దూరందూరంగా, ముందు పాతదానికే పెట్టాలి. ఎముకలు వేసే రోజు రెండింటినీ విడివిడిగా కట్టేయాలి.

కరుచుకుంటుంటే మధ్యలో చెయ్యి పెట్టవద్దు, బకెట్‌ నీళ్లు కుమ్మరించండి. మనిషికి పన్ను గాటు పడితే పసుపు, కారం పూయకుండా, ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి.