పాత కుట్టుమిషనుకు నంబరే ఆధారం
రకం తెలిస్తే మరమ్మతు సులువు.. విడిభాగాలూ దొరుకుతాయి

మాచర్ల: తాతల నాటి కాలితొక్కుడు కుట్టుమిషన్లు పల్నాటి పల్లెల్లో నేటికీ కనిపిస్తుంటాయి. కొన్ని ఇంకా రవికెలు, లంగాలు కుడుతుండగా, మరికొన్ని చిన్నపాటి లోపంతో మూలనపడి చివరకు పాత ఇనుము కింద తూకానికి వెళ్లిపోతున్నాయి. బట్టలు కుట్టి ఇల్లు నడుపుకొనే మహిళకు మిషను ఆగితే ఆ రోజు రాబడి ఆగినట్లే. అయితే ఇలా మూలనపడిన వాటిలో చాలావరకు బాగుచేయడానికి వీలున్నవే. తమ మిషను ఏ రకమో, దుకాణంలో ఏ భాగం అడగాలో తెలియకపోవడమే అసలు చిక్కు.

సింగర్ నుంచి ఉషా వరకు
అమెరికాలో ఐజాక్ సింగర్ 1851లో తన కుట్టుయంత్రానికి పేటెంటు పొందారు. ఆ సంస్థ స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంకులో 1885లో ప్రారంభించిన కర్మాగారం 1980లో మూతపడింది. మన దేశంలో కనిపించే పాత సింగర్లలో అక్కడ తయారైనవే ఎక్కువ. వాయిదాల పద్ధతిపై అమ్మడంతో ఇవి సామాన్య దర్జీలకూ అందుబాటులోకి వచ్చాయి. భారీ యంత్రాలను వ్యతిరేకించిన గాంధీజీ సైతం 1924లో సింగర్ మిషనుకు మినహాయింపునిచ్చారు. 1930వ దశకంలో కలకత్తాలోని జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ ‘ఉషా’ పేరిట స్వదేశీ మిషను తయారీ చేపట్టింది.

ఉషాతో పాటు మన దేశంలో తయారైన ఇళ్ల మిషన్లలో అధిక భాగం సింగర్ 15వ తరగతి నమూనాను అనుసరించినవే. అందువల్ల ఆ తరగతికి చెందిన పాత సింగరుకు కావాల్సిన సూది, బాబిన్ వంటివి నేటికీ మామూలు దుకాణాల్లో లభిస్తాయి. పంజాబ్‌లోని లుధియానా ఈ విడిభాగాల తయారీకి పేరొందింది.

గుర్తించడం ఇలా
సింగర్ మిషను అడుగు పలకపై కుడివైపున, చేతి చక్రానికి దగ్గరగా వరుస సంఖ్య ఉంటుంది. దుమ్ము, నూనె జిడ్డు తుడిస్తే కనిపిస్తుంది. 1900కు ముందు తయారైన వాటికి అంకెలు మాత్రమే ఉంటాయి. ఆ తర్వాతి వాటికి అంకెల ముందు ఒకటి లేదా రెండు ఆంగ్ల అక్షరాలు ఉంటాయి. ‘ఎఫ్’, ‘వై’ వంటి ఏకాక్షరాలు, ‘ఈఏ’, ‘ఈబీ’ వంటి జంటాక్షరాలు క్లైడ్‌బ్యాంకువి. మోడల్ సంఖ్య పక్కన ‘కె’ ఉన్నా అక్కడిదనే అర్థం.

మోడల్ సంఖ్య లేకపోతే కింది దారం ఉండే చోటును బట్టి తెలుసుకోవచ్చు. పడవ ఆకారపు షటిల్‌లో పొడవాటి బాబిన్ ఉంటే 27, 28, 127, 128 తరగతుల్లో ఒకటి అయ్యే అవకాశం ఎక్కువ. గుండ్రని బాబిన్‌ను కేసులో ఉంచి ఎడమ పక్క నుంచి అమర్చేదైతే 15వ తరగతి. పైనుంచి జారవిడిచేదైతే 66 లేదా 99. ఇనుప స్టాండుపై ఉన్న పేరును మాత్రం నమ్మరాదు. ఒక కంపెనీ స్టాండుపై మరో కంపెనీ మిషను బిగించి ఉండవచ్చు.

సమాచారం ఎక్కడ?
అమెరికాలోని స్మిత్‌సోనియన్ గ్రంథాలయం పాత కుట్టుమిషన్ల పుస్తకాలను, కంపెనీల జాబితాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. అంతర్జాతీయ కుట్టుమిషన్ల సేకర్తల సంఘం వద్ద వరుస సంఖ్యలను బట్టి తయారీ సంవత్సరం తెలిపే పట్టికలు ఉన్నాయి. ఇవి ఆంగ్లంలో ఉన్నందున ఇంట్లో చదువుకున్న పిల్లల సాయం తీసుకోవచ్చు. విడిభాగాల పుస్తకంలో ప్రతి భాగానికీ బొమ్మ, సంఖ్య ఉంటాయి. సింగర్ అసలు భాగాలు చాలావాటిపై ‘సిమాంకో’ అనే ముద్రతో పాటు ఆ సంఖ్య కూడా చెక్కి ఉంటుంది. దుకాణదారుకు ఆ సంఖ్య చెప్పడం, పాత భాగాన్ని వెంట తీసుకెళ్లి పోల్చుకోవడం ఉత్తమం.

మెకానిక్ వద్దకు వెళ్లే ముందు
* కుట్లు తప్పుతుంటే సూది వంగిందేమో, మొద్దుబారిందేమో చూడాలి. సూదికి పొడవాటి గాడి ఉన్న వైపు నుంచే దారం ఎక్కించాలి.
* గుడ్డ అడుగున దారం ఉచ్చులుగా పడుతుంటే పై దారం బిగింపు బిళ్లల మధ్య సరిగా కూర్చోలేదని అర్థం.
* చేతి చక్రం తిరుగుతున్నా సూది కదలకపోతే చక్రం మధ్యనున్న గుండ్రని మరను బిగించాలి. అప్పటికీ కదలకపోతే దాని వెనుకనున్న వాషరు తిరగబడి ఉండవచ్చు.
* తొక్కగానే దారం తెగిపోతుంటే చక్రం వెనక్కి తిరుగుతోందేమో గమనించాలి. పైభాగం కుట్టేవారి వైపు తిరగడమే సరైన దిశ.
* తోలు బెల్టు సాగి జారుతుంటే కొద్దిగా కత్తిరించి మళ్లీ కొక్కెం వేస్తే సరిపోతుంది.

మిషను బిగుసుకుపోతే బలవంతంగా తిప్పరాదు. నూనె రంధ్రాల్లో మిషను నూనె వేసి ఒక రాత్రి ఉంచి, మరునాడు మెల్లగా కదిలించాలి. పట్టువదిలేదాకా ఇలాగే మళ్లీ మళ్లీ చేయాలి. కొబ్బరి నూనె, వంట నూనెలు వేస్తే కాలక్రమంలో జిగురులా గట్టిపడతాయి. స్పిరిట్‌తో తుడిస్తే పాత మిషన్లపై ఉన్న లక్క పూత, బంగారు రంగు బొమ్మలు చెరిగిపోతాయి.

బాగుపడకపోతే
పడవ షటిల్ వంటి అరుదైన భాగం అరిగిపోతే అదే తరగతికి చెందిన మరో పాత మిషను నుంచి తీసి వాడుకోవాల్సిందే. కాబట్టి పనికిరాదనుకున్న మిషనును తూకానికి వేసే ముందు మెకానిక్‌కు చూపడం మంచిది.

కొత్తది కొనక తప్పని దర్జీల కోసం కేంద్రం 2023 సెప్టెంబరు 17న పీఎం విశ్వకర్మ పథకాన్ని ప్రారంభించింది. ఇందులోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. పనిముట్లకు రూ.15 వేల వరకు వోచరు, 5 శాతం వడ్డీపై తొలి విడత రూ.లక్ష, మలి విడత రూ.2 లక్షల వరకు రుణం ఇందులో ఉన్నాయి. దర్జీల దరఖాస్తులు స్వీకరిస్తున్నదీ లేనిదీ ముందుగా సమీప కామన్ సర్వీస్ సెంటర్‌లో విచారించుకోవాలి.