ఉద్దానం దుఃఖం

ఈ పూట ఉద్దానం సంగతి కొంచెం జ్ఞాపకం చేసుకుందాం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వారికి ఇది చెప్పనక్కరలేదు. విజయనగరం వైపు వారికీ, దూరాన ఉన్నవారికీ చెప్పాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు. తెల్లవారి చూస్తే కొబ్బరి, జీడి, పనస తోటలు నేలమీద ఉన్నాయి. ఉద్యానవనం అనే మాటే ఉద్దానం అయిందంటారు. ఆ ఉదయం ఆ పేరు వినడమే కష్టమైంది.

చూసేవారికి పోయినవి చెట్లే. అయితే కొబ్బరి మొక్క తొలి కాపుకే ఆరేడేళ్లు పడుతుంది. తాత నాటితే మనవడు తింటాడు. చెట్టును పెద్దకొడుకుతో సమానంగా చెప్పుకొనే ఊళ్లవి. కూలిన తోటలో కూర్చుండిపోయిన రైతు దుఃఖపడుతున్నాడని మనం గ్రహించాలి. చెట్టుకు ఇంత అని పరిహారం లెక్క కట్టవచ్చును, ఈ దుఃఖాన్ని ఏ కాగితం మీద రాస్తారు? పైగా 2013లో ఫైలిన్ వచ్చి వెళ్లింది. ఎన్నో ఇళ్లలో కిడ్నీ జబ్బు ఉండనే ఉంది.

అలాంటి ఇంటికి వెళ్లి మనం ఏమంటాం? "ఊరుకోండి, ప్రాణాలు దక్కాయి కదా" అంటాం. మంచి మనసుతోనే అంటాం. వినేవాడికి మాత్రం, నీ ఏడుపు ఇక చాలు అన్నట్టు వినబడుతుంది. యోబు స్నేహితులు ఏడు దినాలు అతనితో నేలమీద కూర్చున్నారు, ఒక్క మాటా పలుకలేదు. వారు చేసిన మేలంతా ఆ ఏడు దినాలలోనే ఉంది, నోరు తెరిచాక చెడగొట్టారు. మా పాస్టర్లకు ఈ మౌనం మరీ కష్టం!

2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, వరల్డ్ విజన్ తదితర సంస్థలతో కలిసి విపత్తు బాధితుల కోసం ఒక మార్గదర్శిని వెలువరించింది. అందులో ముఖ్యంగా మూడు పనులున్నాయి: చూడడం, వినడం, కలపడం. ఎవరికి ముందు సాయం కావాలో చూడాలి. వాళ్లు చెప్పినంతే వినాలి. జరిగినదంతా చెప్పించాలని బలవంతపెడితే మేలు కలుగదని పరిశోధనలు తేల్చాయి. ఆ తర్వాత బియ్యం, మందులు, దూరమైన బంధువులు, ఏది అవసరమో దానితో కలపాలి.

ఏడ్వని వారిని కూడా గమనించండి. కొందరికి దుఃఖం కోపంగా వస్తుంది, ఇంట్లో భార్యాబిడ్డల మీద పడుతుంది. "దేవుడెందుకిలా చేశాడు?" అని అరుస్తారు. అరవనివ్వండి, అప్పుడే వాదానికి దిగకండి. మీరే ఆ స్థితిలో ఉంటే, నాకు భయంగా ఉంది, కోపంగా ఉంది అని నమ్మకమైన ఒక్కరితోనైనా పేరు పెట్టి చెప్పండి. అక్టోబరు గాలి వీచినప్పుడల్లా గుండె దడ రావడం విశ్వాసం తగ్గినందువల్ల కాదు.

వారాలు గడిచినా నిద్ర, తిండి లేకపోతే, బ్రతికి ఏం లాభమని ఎవరైనా అంటే, వారిని ఒంటరిగా విడువకండి. ఆసుపత్రికి తీసుకెళ్లండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రింబగళ్లు పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చును.