పరమాణువంత పలుచని రేకు

మన చిన్ననాటి వాల్వు రేడియో వేడెక్కితేగాని పలికేది కాదు. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జర్మేనియంతో ట్రాన్సిస్టరు పుట్టింది. 1954లో సిలికాన్‌ది వచ్చింది. ఇసుకలో ఉండే ఆ సిలికాన్‌దే నేటి సెల్‌ఫోను దాకా రాజ్యం.

అదే సిలికాన్ ఒక్క పరమాణువు మందాన రేకుగా ఉంటే? అది చదునుగా కాక కొద్దిపాటి మిట్టపల్లాలతో ఉంటుందని జపాన్ శాస్త్రజ్ఞులు టకేడా, షిరాయిషి 1994లో లెక్కగట్టారు. 2007లో దానికి 'సిలిసీన్' అని పేరు వచ్చింది. 2012లో ఐరోపా శాస్త్రజ్ఞులు దానిని వెండి మీద పెంచి చూపారు. గ్రాఫీన్ అనే కార్బన్ రేకులో కరెంటును పూర్తిగా ఆపటం కష్టం. మిట్టపల్లాలున్న సిలిసీన్‌లో ఆ పని సులువు కావచ్చునని ఆశ.

2015లో అమెరికాలోని ఆస్టిన్‌లో టెక్సాస్ విశ్వవిద్యాలయం వారు, ఇటలీ వారితో కలిసి, సిలిసీన్‌తో ట్రాన్సిస్టరు చేశారు. గాలి తగలగానే కొద్ది నిమిషాలకే చెడిపోయింది.

ఇరవై ఒక్క ఏళ్ల శ్రమకు నిమిషాల ఆయుష్షా అని నవ్వుకోవచ్చు. ఒక్కొక్క ఫైలు కదలటానికి ఏళ్లు పట్టటం చూసిన గుమాస్తాను. నాకు నవ్వు రాదు. కాగితం మీది లెక్క వస్తువైంది. దానిని గాలికి నిలబెట్టటమే మిగిలిన పని. సైన్సు చదివే మన మనుమలకు, మనుమరాళ్లకు ఈ సంగతి తప్పక చెప్పండి.