కొండ వెనుక రెండు వరుసలు

నెపోలియను కాలమున ఫ్రెంచి పదాతులు దట్టమైన గుంపుగా కదలివచ్చి, ఆ రాకతోనే శత్రువుల గుండె చెదరగొట్టెడివారు. ఆంగ్లేయులు రెండే వరుసలుగా నిలిచెడివారు. పలుచని గోడయే, కాని అందు ప్రతి తుపాకియు పేలును. గుంపులో ముందువారివి తప్ప తక్కినవన్నియు మూగవే.

1810 సెప్టెంబరు 27న పోర్చుగల్ దేశమందలి బుసాకో కొండపై వెల్లింగ్టను తన సేనలో పెక్కుభాగమును శిఖరమునకు ఆవల దాచెను. ఫ్రెంచివారు ఏటవాలు దారిని ఎగబ్రాకి, రొప్పుచు పైకి చేరునంతలో, క్రాఫర్డు సేనాని ఆజ్ఞపై 43వ, 52వ పటాలములు లేచి, అతి చేరువనుండి పేల్చి, బాయినెట్లతో పైబడినవి. మృతులు, క్షతగాత్రులు, బందీలు కలిసి ఫ్రెంచివారి నష్టము సుమారు 4,500; ఎదిరిపక్షమున 1,250.

శత్రువు దగ్గరకు వచ్చువరకు పేల్చక ఊరకుండుటయే అన్నింటికన్న కఠినము. ఆ ఓర్పు కవాతువలన అలవడినది; కొరడాదెబ్బల భయమును అందు లేకపోలేదు. ఇంతకును నాటి వెల్లింగ్టను సేనలో దాదాపు సగము పోర్చుగీసువారే.