థైరాయిడ్ క్యాన్సర్: జన్యు, ఆటోఇమ్యూన్ కారకాలు

గొంతు ముందు భాగంలోని థైరాయిడ్ గ్రంథిలో పుట్టే క్యాన్సర్లలో పాపిల్లరీ, ఫాలిక్యులర్, మెడుల్లరీ, అనాప్లాస్టిక్ ప్రధాన రకాలు. పదిమంది రోగుల్లో దాదాపు ఎనిమిది మందికి వచ్చేది పాపిల్లరీ రకమే. కణితి ఎంత వేగంగా పెరుగుతుంది, ఎక్కడికి పాకుతుంది, ఏ మందుకు లొంగుతుంది అనేవి చాలావరకు కణాల్లోని జన్యు మార్పులపై ఆధారపడతాయి. గ్రంథిలోని రోగనిరోధక స్థితి కూడా వ్యాధి తీరుపై ప్రభావం చూపుతుంది.

జన్యు మార్పులు

పాపిల్లరీ క్యాన్సర్లలో సుమారు సగంలో బీఆర్ఏఎఫ్ వీ600ఈ మార్పు కనిపిస్తుంది. బీఆర్ఏఎఫ్ ప్రొటీన్‌లో 600వ స్థానంలో వాలీన్ బదులు గ్లూటమిక్ ఆమ్లం చేరడంతో, కణానికి ‘విభజన చెందు’ అనే సంకేతం ఆగకుండా అందుతూ ఉంటుంది. దీనికి టెర్ట్ జన్యువులోని మార్పు తోడైతే వ్యాధి తిరగబెట్టే ముప్పు బాగా పెరుగుతుంది. ఫాలిక్యులర్ రకంలో రాస్ జన్యువుల మార్పులు ఎక్కువ.

1986లో చెర్నోబిల్ ప్రమాదంలో వెలువడిన అయోడిన్-131 గడ్డి మీద పడి, ఆవు పాల ద్వారా పిల్లల థైరాయిడ్‌లోకి చేరింది. తర్వాత వారిలో వచ్చిన క్యాన్సర్లలో రెట్ జన్యువు తెగి వేరే జన్యువుతో అతుక్కున్న మార్పులు ఎక్కువగా కనిపించాయి.

వంశపారంపర్యం

మెడుల్లరీ క్యాన్సర్ కాల్సిటోనిన్ తయారుచేసే సీ-కణాల్లో పుడుతుంది. వీటిలో నాలుగో వంతు వంశపారంపర్యమైనవి. తల్లిదండ్రుల్లో ఒకరికి లోపభూయిష్టమైన రెట్ జన్యువు ఉంటే బిడ్డకు అది సంక్రమించే అవకాశం 50 శాతం. రెట్ జన్యువులో ఎం918టీ అనే మార్పు ఉన్న శిశువులకు మొదటి ఏడాదిలోనే గ్రంథిని తొలగించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఆటోఇమ్యూన్ ప్రభావం

జపాన్ వైద్యుడు హకరు హషిమోటో 1912లో వర్ణించిన వ్యాధిలో లింఫోసైట్లు అనే రోగనిరోధక కణాలు థైరాయిడ్‌లో చేరి దాన్ని క్రమంగా దెబ్బతీస్తాయి. పాపిల్లరీ క్యాన్సర్‌తో పాటు ఈ వ్యాధి కూడా ఉన్నవారిలో లింఫు గ్రంథులకు పాకడం, తిరగబెట్టడం తక్కువని పలు అధ్యయనాల్లో తేలింది. బీఆర్ఏఎఫ్ మార్పూ తక్కువే. అయితే దీర్ఘకాలిక వాపు క్యాన్సర్‌కు దారితీస్తుందా, లేక కణితిని అదుపు చేస్తుందా అనే చర్చ కొనసాగుతోంది. అరుదైన థైరాయిడ్ లింఫోమా ముప్పు మాత్రం హషిమోటో రోగుల్లో ఎక్కువ. అయినా వీరిలో అత్యధికులకు ఏ థైరాయిడ్ క్యాన్సరూ రాదు.

వైద్యంలో ప్రాముఖ్యం

పాపిల్లరీ, ఫాలిక్యులర్ రకాల్లో శస్త్రచికిత్స తర్వాత వ్యాధి మిగిలిందా అని చూడటానికి రక్తంలో థైరోగ్లోబ్యులిన్ అనే థైరాయిడ్ ప్రొటీన్‌ను కొలుస్తారు. దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉంటే సాధారణ పరీక్షలో ఫలితం అసలు కంటే తక్కువగా కనిపించవచ్చు. అందుకే రెండింటినీ కలిపి పరీక్షించడం తప్పనిసరి. రెట్ మార్పులున్న ముదిరిన క్యాన్సర్లకు 2020లో సెల్‌పెర్కాటినిబ్ అమెరికాలో ఆమోదం పొందింది. కుటుంబంలో ఒకరికి వంశపారంపర్య మెడుల్లరీ క్యాన్సర్ అని తేలితే తోబుట్టువులకూ పిల్లలకూ రెట్ పరీక్ష చేయించాలి. కణితి పుట్టకముందే గ్రంథిని తొలగించి ప్రాణం కాపాడే వీలు అప్పుడే ఉంటుంది.