కళింగలో చెక్కించని కళింగ యుద్ధం

మన బరంపురంలో నాలుగు తెలుగు కుటుంబాలు ఒకచోట చేరితే ఈ వాదన రాకుండా ఉండదు: కళింగ ఒడియావాళ్ళదా, మనదా? ఒకరు ధౌళి అంటారు, ఇంకొకరు శ్రీకాకుళం జిల్లా ముఖలింగం చూపిస్తారు. ఈ పంచాయితీ కన్నా మనకు దగ్గర్లో, పురుషోత్తంపూర్ పక్కన ఋషికుల్య ఒడ్డునున్న జౌగడ రాయి ముఖ్యమని మేమనుకుంటాం. (జౌ అంటే లక్క. పాండవుల లక్క ఇల్లు ఇక్కడే అని చెప్పేవాళ్ళూ ఉన్నారు, అది వేరే కథ.) దాని మీదున్నది అశోకుడి శాసనం. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. అంటే తెలుగూ కాదు, ఒడియా కూడా కాదు.

క్రీ.పూ. 261 ప్రాంతంలో జరిగిన కళింగ యుద్ధం గురించి అశోకుడే తన 13వ శిలాశాసనంలో చెప్పుకున్నాడు. 1,50,000 మందిని చెరపట్టి తరలించారు, 1,00,000 మంది హతమయ్యారు, అంతకు ఎన్నో రెట్లు మంది చనిపోయారు, అందుకు తాను బాధపడుతున్నానని. ఈ మాటలు ఎక్కడున్నాయి? ఇప్పటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీలో ఉన్నాయి. మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉన్నాయి. కళింగలో మాత్రం లేవు! ధౌళిలోనూ జౌగడలోనూ 11, 12, 13 శాసనాలు వదిలేసి, వాటి బదులు వేరే రెండు శాసనాలు చెక్కించాడు.

ఎందుకు? తండ్రినీ కొడుకునీ పోగొట్టుకున్నవాళ్ళకు లెక్క చదివి వినిపించే ధైర్యం చక్రవర్తికి లేకపోయిందని మా అభిప్రాయం. రాజనీతి కూడా అయ్యుండొచ్చు, మానుతున్న పుండును రేపడం ఎందుకని.

బదులుగా చెక్కించిన మాటలు తీసిపారేయదగ్గవి కావు. ప్రజలందరూ నా బిడ్డలే అంటాడు. కారణం లేకుండా ఎవరినీ చెరలో పెట్టవద్దనీ, అసూయ, కోపం, తొందరపాటు, బద్ధకం ఉన్నవాడు న్యాయం చెయ్యలేడనీ అధికారులను హెచ్చరిస్తాడు. పుష్యమి నక్షత్రం రోజున దీన్ని జనానికి చదివి వినిపించాలన్నాడు. ధౌళిలో ఈ ఆజ్ఞ తోసలి అధికారులకు, జౌగడలో సమాపా అధికారులకు. కొత్తగా గెలిచిన చోట అధికారులు ఏం చేస్తున్నారో ఆయనకు తెలుసన్నమాట.

కళింగ సొంత గొంతు వినాలంటే ఖారవేలుడి దాకా ఆగాలి. భువనేశ్వర్ దగ్గర ఉదయగిరిలో ఆయన హాథీగుంఫా శాసనం 17 పంక్తులు. నందరాజు ఎత్తుకుపోయిన కళింగ జినుణ్ణి తిరిగి తెచ్చానని అందులో గర్వంగా చెప్పుకున్నాడు.

జౌగడ వెళ్ళేవారు మధ్య పలక చూడండి. అందులో 10వ శాసనం అయిపోగానే 14వది మొదలవుతుంది.