పుంజు పెట్టని గుడ్డు

జేమ్స్ బాండ్‌కి తెల్ల గుడ్లంటే గిట్టదు. ఇయాన్ ఫ్లెమింగ్ 1957లో వచ్చిన ‘ఫ్రమ్ రష్యా, విత్ లవ్’ నవలలో ఈ సంగతి చెప్తూ, లండన్‌లో ఉన్నప్పుడు బాండ్ పొద్దున్నే తినే ఒకే ఒక్క గుడ్డు గురించి తుపాకీ గురించి చెప్పినంత శ్రద్ధగా చెప్తాడు. ఉడకాల్సింది మూడు నిమిషాల ఇరవై సెకన్లు. చుక్కలున్న గోధుమరంగు గుడ్డు. పెట్టింది ఫ్రెంచి మారాన్స్ కోడి. ఆ నవలలోని గూఢచారుల ఎత్తులు చాలావరకు మర్చిపోయాను గానీ, ఈ గుడ్డు మాత్రం గుర్తుండిపోయింది. ఒక కోడి జాతి పేరు, అదీ పరాయి దేశపు పల్లెటూరి కోడి పేరు, పెద్దమనిషి అభిరుచికి గుర్తుగా ఎలా మారింది? ఆ ప్రశ్న పట్టుకుని చదువుతూ పోతే వేరే సమస్య ఒకటి తగిలింది. ఈ వ్యాసం దాని గురించి.

మారాన్స్ ఒక ఊరి పేరు. ఫ్రాన్స్ పడమటి తీరంలో, లా రొషెల్ రేవుకి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది. చుట్టూ కాలవలు తవ్వి నీళ్ళు తోడేసి సాగులోకి తెచ్చిన చిత్తడి నేల. అక్కడ రైతుల ఇళ్ళలో తిరిగే కోళ్ళు మొదట్లో పేరూ ఊరూ లేని నాటుకోళ్ళే. లా రొషెల్‌కి వచ్చే ఓడల్లో నావికులు పందెం పుంజుల్ని తెచ్చేవాళ్ళనీ, అవి దిగి ఈ పెట్టలతో కలిశాయనీ ఒక కథ ఉంది. 1152లో ఆక్విటేన్ ఎలియనోర్ పెళ్ళితో ఆ ప్రాంతం ఇంగ్లండు రాజవంశం చేతికి పోయింది కాబట్టి, ఆ పుంజులు ఇంగ్లండువేనని కూడా చెప్తారు. కథ అందంగానే ఉంది. కానీ గుడ్డుకి రంగెలా వచ్చిందో ఇది చెప్పదు.

రంగు చైనా నుంచి వచ్చింది. 1872లో మేజర్ క్రోడ్ అనే ఆంగ్లేయుడు యాంగ్జీ నది ముఖద్వారం దగ్గరి లాంగ్‌షాన్ ప్రాంతం నుంచి నల్లటి కోళ్ళని ఇంగ్లండుకి తెప్పించాడు. కాళ్ళమీద సన్నగా ఈకలు, గుడ్లు ముదురు గోధుమరంగు. ఈ లాంగ్‌షాన్ కోళ్ళు ఫ్రాన్స్‌కీ చేరి, మారాన్స్ చిత్తడి నేలలోని పెట్టలతో కలిశాయి. ఈ జాతి చరిత్ర రాసేవాళ్ళు దాదాపు అందరూ ఒప్పుకునే మాట ఇది. గోధుమరంగు గుడ్డుకి పట్నంలో గిరాకీ ఉంది. ముదురు గుడ్డు పెట్టే పెట్టని ఉంచుకుని, లేతగుడ్డు పెట్టేదాన్ని కూరొండుకోవటమే ఆ రోజుల్లో జాతిని ఎంచుకునే పద్ధతి. ఈకలెలా ఉన్నా ఎవరికీ పట్టలేదు. ఆ ఎంపిక చేసింది ఎక్కువగా పెరట్లో గుడ్లు ఏరుకునే ఆడవాళ్ళే అయ్యుంటారని నా ఊహ. వాళ్ళ పేర్లు ఎక్కడా దొరకవు.

పేర్లు దొరికేది ఆ తర్వాతే. 1920ల చివర్లో మారాన్స్ క్లబ్ ఏర్పడింది. 1930ల మొదట్లో స్టాండర్డ్ రాసుకున్నారు. అంటే ఈ జాతి ఎలా ఉండాలో చెప్పే పత్రం. అప్పట్నుంచీ ఈ కోడికి రెండు రంగులొచ్చాయి. ఒకటి గుడ్డుది, రెండోది ఈకది.

మొదట గుర్తింపు వచ్చినది కుకూ రకానికి. యూరప్‌లోని కుకూ పిట్ట పొట్టమీద ఉండే చారల్లాంటివి ఒంటినిండా ఉంటాయి. ఈ చారల జన్యువు లింగాన్ని నిర్ణయించే క్రోమోజోము మీద ఉంటుంది. పుంజుకి రెండు ప్రతులు రావచ్చు, పెట్టకి ఒకటే. అందుకే పుంజు లేతగా, పెట్ట ముదురుగా కనిపిస్తాయి. ఇప్పుడు అందరూ వెంటపడేది నల్ల-రాగి రకం. ఒళ్ళంతా నలుపు, మెడ ఈకలు రాగిరంగు. అమెరికా పౌల్ట్రీ సంఘం దీన్ని 2011లో తన స్టాండర్డులో చేర్చింది. ఫ్రెంచివాళ్ళు కాళ్ళమీద లాంగ్‌షాన్ ఇచ్చిన ఈకలు ఉండి తీరాలంటారు. ఇంగ్లీషువాళ్ళు కాళ్ళు నున్నగా ఉండాలంటారు. ఒకే ఊరి పేరు, రెండు దేశాల్లో రెండు కోళ్ళు.

గుడ్డుకీ కొలబద్ద ఉంది. 1 నుంచి 9 దాకా, తెలుపు నుంచి కాఫీ డికాక్షన్ లాంటి ముదురు రంగు దాకా అచ్చువేసిన పట్టీ. 4 కన్నా తక్కువైతే ఫ్రెంచి క్లబ్ లెక్కలో అది మారాన్స్ గుడ్డే కాదు. చూడ్డానికి సులువైన పని. కానీ ఆ రంగు ఎలా పడుతుందో తెలిస్తే అంత ధీమా ఉండదు. గుడ్డు కోడి కడుపులో పెంకు కట్టుకోడానికి ఇరవై గంటల దాకా పడుతుంది. రంగులో చాలావరకు పడేది చివరి కొన్ని గంటల్లోనే. అందుకే మారాన్స్ పెంకు పైన ముదురుగా ఉన్నా లోపల తెల్లగానే ఉంటుంది. అప్పుడే పెట్టిన తడి గుడ్డుని గీరితే రంగు ఊడొస్తుంది. ఆ పదార్థం పేరు ప్రోటోపోర్ఫిరిన్. దీనికి ఇనుము చేరితే నెత్తుటికి ఎరుపునిచ్చే హీమ్ అవుతుంది. ఒకరకంగా అది ఇనుము లేని నెత్తుటి రంగు. పెట్ట వరసగా పెడుతున్న కొద్దీ రంగు పలచబడుతుంది, ఈకలు రాల్చి విశ్రాంతి తీసుకుని మళ్ళీ మొదలుపెడితే ముదురుతుంది. బెదిరినా, జబ్బుపడినా తేలిపోతుంది. అంటే ఒకే పెట్ట ఒకే ఏడాదిలో 7 గుడ్డూ పెట్టొచ్చు, 4 గుడ్డూ పెట్టొచ్చు. పట్టీ ఒక గుడ్డుని కొలుస్తుంది, కోడిని కాదు.

ఇక పుంజు సంగతి. పిల్లకి సగం జన్యువులు దాన్నుంచే వస్తాయి. గుడ్డు రంగు ఒక్క జన్యువు చేతిలో లేదు, చాలా జన్యువులు కలిసి నడుపుతాయి. వాటిలో సగం వాటా పుంజు చేతిలో ఉంది, కానీ పుంజు గుడ్డు పెట్టదు. ప్రదర్శనలో జడ్జి దాని ముందు నిలబడి మెడలో రాగి సరిపోయిందా, రొమ్ము మీద అక్కర్లేని మచ్చలున్నాయా, కన్ను నారింజ రంగుదేనా, అరికాలు తెల్లగా ఉందా అని చూడగలడు. ఈ జాతికి పేరు తెచ్చిన గుణం ఆ పంజరంలో ఉందో లేదో మాత్రం చెప్పలేడు. గుడ్ల పోటీ ఇంకో బల్ల మీద జరుగుతుంది. పళ్ళెంలో పెట్టినవన్నీ ఒకే రంగులో, ఒకే ఆకారంలో ఉన్నాయా అని అక్కడ చూస్తారు. ఏ గుడ్డు ఏ పెట్టదో, దాని తండ్రి ఎవరో ఆ బల్లకి తెలీదు.

ఇది చిన్న విషయం కాదని నేననుకోవటానికి కారణం వైట్-ఫేస్డ్ బ్లాక్ స్పానిష్ కోడి. ఒకప్పుడు బ్రిటన్‌లో బాగా గుడ్లు పెట్టే కోడిగా పేరుమోసింది. దానికున్న తెల్లటి మొహం ప్రదర్శనల్లో అందరికీ నచ్చింది. ఆ తెలుపుని పెంచుకుంటూ పోయారు. మొహం పెద్దదైంది, కోడి నీరసించింది, పేరు తెచ్చిన గుణం వెనకబడింది. మా వృత్తిలో ఇది రోజూ చూసేదే. డాష్‌బోర్డు మీద కనిపించే అంకె కోసం పనిచేస్తూ పోతే, కనిపించని నాణ్యత చెప్పకుండా జారుకుంటుంది. తప్పు చేసినట్టు ఎవరికీ అనిపించదు, ఎందుకంటే అంకె బావుంటుంది.

ఈకని చూసి లోపలి గుణం చెప్పాలన్న ఆశ మనకి కొత్తేం కాదు. మన కుక్కుట శాస్త్రం నల్ల పుంజుని కాకి అంటుంది, తెల్లదాన్ని సేతువ అంటుంది, ఎర్రదాన్ని డేగ అంటుంది. ఏ రోజు ఏ రంగు ఏ రంగుని గెలుస్తుందో చెప్తుంది. సంక్రాంతి బరి దగ్గర ఆ లెక్క తప్పో ఒప్పో సాయంత్రానికల్లా తేలిపోతుంది. మారాన్స్ పుంజు లెక్క తేలటానికి చాలా నెలలు పడుతుంది.

అలా తేల్చే పద్ధతి ఉంది, ఓపిక కావాలంతే. ముదురు గుడ్లనే పొదగెయ్యాలి. పెట్ట లోపలికెళ్ళగానే తలుపు మూసుకునే గూళ్ళు పెట్టాలి, ఏ గుడ్డు ఎవరిదో తెలుస్తుంది. పిల్లలకి గుర్తులు వేసి తల్లిదండ్రుల్ని పుస్తకంలో రాసుకోవాలి. ఇరవై ఒక్క రోజులు పొదుగు, ఆ తర్వాత ఆరేడు నెలల పెంపకం. ఇంతా చేస్తే సగం పిల్లలు పుంజులే అవుతాయి. ఈ పుస్తకం రాసేవాళ్ళకి వేదిక మీద కప్పు రాదు. చిత్తడి నేలలో పెరట్లో గుడ్లు ఏరుకున్నవాళ్ళకీ రాలేదు. కానీ ఈ జాతిలో ఆ ముదురు రంగు నిలబడిందంటే, పట్టీ అచ్చుకాక ముందు వాళ్ళ వల్ల, అచ్చయ్యాక వీళ్ళ వల్ల. జడ్జి రెండు నిమిషాల్లో పుంజుకి మార్కులు వేసి వెళ్ళిపోతాడు. అసలు మార్కులు మాత్రం దాని కూతుళ్ళు గూట్లో కూర్చుని, ఒక్కో గుడ్డు చొప్పున వేస్తాయి.